టింకర్స్ అడవిలో ఒక్క గంట

"వాదన వద్దు. కథలు వద్దు. నన్ను ఒప్పించాలని ఎవరూ చూడొద్దు," అంది ఇన్‌స్పెక్టర్ ఆన్సెల్, కారు డిక్కీ మీద కూర్చుని రబ్బరు బూట్లలోకి కాళ్ళు దూరుస్తూ. "మాటలన్నీ నిన్న హాల్లో అయిపోయాయి. ఇవాళ ఏదైనా ఉంటే వేలితో చూపించండి, నేను చూస్తాను. సరిగ్గా పదకొండుకి బయల్దేరతాను. మధ్యాహ్నం ఇంకో జిల్లాలో ఇంకో దారి ఉంది నాకు."

అప్పుడు టైము పది. ఏప్రిల్ చివరి వారం. పొద్దున్నే ఒక జల్లు పడి వెలిసింది. వాగు మీద పలక వంతెన దగ్గర అయిదుగురం నిలబడ్డాం. దారి తగువు తేల్చడానికి ప్రభుత్వం పంపిన ఇన్‌స్పెక్టర్, అడవి యజమాని పియర్స్ టాలండ్, ఆయన అడవి కాపలాదారు ప్రీస్, నేను, మా బాబాయ్ ఆల్బన్ గ్విలియమ్.

"మా బాబాయ్‌కి కళ్ళు కనబడవు మేడమ్," అన్నాను. "వేలు ఎటు చూపిస్తాడు?"

"వేలుందిగా. ఎటు చూపించాలో కాళ్ళు చెబుతాయి," అన్నాడు బాబాయ్. "నువ్వు కాసేపు నోరు మూసుకో నెల్లీ. ఆవిడ చెప్పింది నీ గురించే."

టాలండ్ మర్యాదగా నవ్వాడు. ఆయన ఏం చేసినా మర్యాదగానే చేస్తాడు. రెండేళ్ళ క్రితం ఈ ఏడెకరాల అడవి కొన్నది మర్యాదగానే. కిందటి అక్టోబరులో దాని చుట్టూ తీగ కంచె వేయించి, "ప్రైవేటు స్థలం, దయచేసి లోపలికి రావద్దు, ధన్యవాదాలు" అని బోర్డు పెట్టిందీ మర్యాదగానే. నెమలికోళ్ళు పెంచి వేటకి జనాన్ని పిలవాలని ఆయన ప్లాను. మనుషులు తిరిగితే పిట్టలు బెదిరిపోతాయట.

పిట్టల సంగతి సరే. మా బాబాయ్ సంగతి?

ఆయనకి డెబ్భై ఒకటి. ముప్ఫయ్యో ఏట చూపు పోయింది. అప్పటినుంచి ఇంటి వెనక గేటు తీసుకుని, వాగు దాటి, టింకర్స్ అడవిలో గట్టు వెంబడి నడిచి, చర్చి పొలంలో తేలేవాడు. అక్కణ్ణుంచి దుకాణం, పబ్, చర్చిలో గంట మోగించే తాడు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. వర్షంలో, మంచులో, ఒకసారి కాలిబొటనవేలు విరిగినప్పుడు కూడా. ఊళ్ళోకి ఇంకో దారి లేకపోలేదు. అది రోడ్డు. రెండు పక్కలా ఎత్తయిన పొదలు, పక్కకి తప్పుకోవడానికి అడుగు జాగా ఉండదు, క్వారీ లారీలు అరవై మైళ్ళ వేగంతో వస్తాయి. అక్కడ నేను స్కూలు బస్సు నడుపుతాను, నాకే గుండె దడ. కళ్ళు లేని మనిషి అక్కడ ఒక్క వారం బతకడు.

అందుకే సంక్షేమ శాఖ వాళ్ళు పట్నంలో ఆయనకి వృద్ధుల ఫ్లాట్ ఒకటి చూశారు. మూడో అంతస్తు, లిఫ్టు, వేడినీళ్ళు. తాళంచెవి ముందే ఇచ్చేశారు. దారి పోతే ఫ్లాట్‌కి వెళ్ళాలి. ఆ తాళంచెవిని బాబాయ్ కోటు జేబులో వేసుకుని, ముట్టుకోకుండా, చచ్చిన ఎలుకని మోస్తున్నట్టు తిరుగుతున్నాడు.

నిన్న ఊరి హాల్లో విచారణలో జరిగింది ఒక్క ముక్కలో చెబుతాను. మా దగ్గర చట్టం ఇది. ఒక దారిలో జనం ఇరవై ఏళ్ళు, ఆపేవాళ్ళు లేకుండా, ఎవరినీ అడక్కుండా నడిస్తే అది జనం దారి. ఆ తర్వాత రాజుగారు దిగొచ్చినా మూయలేరు. అందుకే తెలివైన యజమాని ఏడాదికి ఒక్కరోజు గేటుకి తాళం వేసి, ఆ సంగతి డైరీలో రాసుకుంటాడు. ఒక్కరోజు ఆపితే చాలు, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పాత యజమాని మేజర్ స్టానియర్ ఆ పని ఇరవై రెండేళ్ళు చేశాడు. టాలండ్ నిన్న ఆ డైరీలన్నీ బల్ల మీద పేర్చాడు. ప్రతి ఫిబ్రవరి మూడునా ఒకటే వాక్యం. "గేటుకి తాళం వేశాను. చలి."

హాల్లో సగం మంది మొహాలు వాడిపోయాయి. వాళ్ళంతా గేటు మనుషులే. గేటు మూసి ఉంటే "అరెరే, సారీ" అని గేటుకే క్షమాపణ చెప్పి వెనక్కి వెళ్ళిపోయే రకం.

అప్పుడు బాబాయ్ లేచాడు. "ఏ గేటు?" అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"ఆ గేటు రోడ్డు మీదికి తెరుచుకుంటుంది. అటు పోతే లారీ కింద పడతాను. నలభై ఏళ్ళుగా నేను దాటేది గట్టు మీది రాతిమెట్లు. అటూ ఇటూ రాళ్ళు, మధ్యలో అడ్డపలక. కాలెత్తి దాటితే చర్చి పొలం. ఫిబ్రవరి మూడున కూడా దాటాను. మేజర్ గారు తాళం వేసేవారని నాకు ఇప్పుడే తెలిసింది. పాపం, చలిలో."

పాపం మేజర్. ఇరవై రెండేళ్ళు బండ్లు వెళ్ళే గేటుకి తాళం వేశాడు. మనుషులు వెళ్ళే మెట్లని అలాగే వదిలేశాడు. మెట్లకి తాళం ఎలా వేస్తారని ఆలోచించనే లేదు. మా వైపు మేజర్లు మాత్రమే చేయగల తప్పు ఇది.

కానీ టాలండ్ లేచి, "అక్కడ మెట్లేమీ లేవు," అన్నాడు. "ఎప్పుడూ లేవు."

ఉన్నాయని ఊరంతా అరిచింది. ఎక్కడ అని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారు. పెద్ద బీచ్ చెట్టు పక్కన, అన్నారు. బీచ్ చెట్టుని చలికాలంలో కొట్టేశారు. రెండు ఆష్ చెట్ల మధ్య, అన్నారు. ఆష్ చెట్లకి తెగులని అన్నీ నరికేశారు. ఫోటోలున్నాయా అని ఇన్‌స్పెక్టర్ అడిగింది. ఉన్నాయి, నలభై. అన్నీ బ్లూబెల్ పూలవే. మెట్టుని ఫోటో తీసేవాడెవడు?

అందుకే ఈ గంట.

వాగు దాటి అడవిలోకి అడుగుపెట్టాం. ఏడు నెలలుగా లోపలికి రానివ్వలేదు మమ్మల్ని. పూలు మాత్రం విరగబూశాయి. ఎండ పడ్డ చోటల్లా నేల నీలంగా మెరుస్తోంది. అడవి వెల్లుల్లి వాసన ముక్కు పగలగొడుతోంది. కానీ దారి లేదు. యంత్రాలు తిరిగి గాడులు పడ్డాయి. ఎక్కడ చూసినా మొద్దులే. ముప్ఫయ్యో నలభయ్యో, అన్నీ ఒకేలా. ఇక గట్టు పొడుగునా, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, కొట్టేసిన కొమ్మలతో అల్లిన దడి. నా నడుమంత ఎత్తు, రెండు చేతుల మందం.

"ఈ దడి పిచ్చుకలకీ ముళ్ళపందులకీ చాలా మంచిది," అన్నాడు టాలండ్ ఇన్‌స్పెక్టర్‌తో. "పర్యావరణం."

"వేలితో చూపించండి చాలు, టాలండ్ గారూ," అందామె.

దడి అల్లింది ప్రీస్ అని నాకు తెలుసు. ఆ చేతిపని ఊళ్ళో ఇంకెవరికీ రాదు. ముందు మేజర్ దగ్గర, ఇప్పుడు టాలండ్ దగ్గర, అతనికి ఈ అడవిలో ఇది ముప్ఫయ్యో ఏడాది. ప్రతి శుక్రవారం బాబాయ్ పక్కనే కూర్చుని బీరు తాగుతాడు. ఇప్పుడు మాత్రం తన బూట్లకేసి చూస్తున్నాడు. వాటి మీద అంత చూడాల్సిందేమీ లేదు.

"ఇక్కణ్ణుంచి నాలుగొందల యాభై అడుగులు," అన్నాడు బాబాయ్. "గట్టు కుడిచేతి పక్క. నెల్లీ, నా చెయ్యి వదిలెయ్."

"గాడులున్నాయి బాబాయ్. పడతావు."

"పడితే లేస్తాను. వదులు."

వదిలాను. తెల్లకర్ర ముందుకు చాచి లెక్క మొదలుపెట్టాడు. పైకే, చర్చిలో ప్రార్థన చదివినట్టు. మేం నలుగురం వెనక. ఒక వడ్రంగిపిట్ట దూరాన ఎక్కడో మొద్దుని వాయిస్తోంది. వంద. బాబాయ్ గాడిలో జారాడు, కర్రతో నిలదొక్కుకున్నాడు. రెండొందలు. టాలండ్ ఫోను చూసుకున్నాడు. మూడొందలు.  నాలుగొందల నలభై ఎనిమిది, నలభై తొమ్మిది, యాభై.

ఆగాడు. కుడివైపు తిరిగి వేలు చాచాడు.

"ఇక్కడ."

దడి. అంతా దడే.

"దీన్ని తెరవాలంటే మీ అనుమతి కావాలి, టాలండ్ గారూ," అంది ఇన్‌స్పెక్టర్.

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. పరాయి మనిషి ముందు కాదనడం ఆయన వల్ల కాదు. "తప్పకుండా. ఒక్కచోట తెరవనిద్దాం. వాళ్ళు చెప్పిన చోటే. అది న్యాయం కదా?"

"న్యాయమే," అన్నాను నేను. అప్పటికే స్వెట్టరు చేతులు పైకి మడిచేశాను.

పావుగంట లాగాను. ముళ్ళు గీసుకున్నాయి. మోచేతి దాకా రక్తం. కొమ్మ మీద కొమ్మ, కింద ఆకులు, ఆకుల కింద తడిమట్టి. చేతులతో గోకాను. మట్టి కింద ఇంకా మట్టి. ఒక కప్ప నాకేసి చూసి, విసుక్కుని వెళ్ళిపోయింది.

రాయి లేదు.

"కనీసం గులకరాయైనా ఉందా?" అన్నాడు బాబాయ్.

"లేదు."

"సరిగ్గా చూశావా? నువ్వు చిన్నప్పట్నుంచీ పైపైన చూస్తావు."

"బాబాయ్, మోకాళ్ళ లోతు గొయ్యి తీశాను. ఏమీ లేదు."

ఆయన మొహం చూడలేకపోయాను. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ మనిషి దారి తప్పినట్టు కనిపించాడు. చెయ్యి కోటు జేబులోకి పోయింది. తాళంచెవి గలగల్లాడింది.

"నా కాళ్ళు అబద్ధం చెప్పవు," అన్నాడు నెమ్మదిగా. ఎవరితో అన్నాడో తెలీదు.

"పది ముప్ఫయ్ అయిదు," అంది ఇన్‌స్పెక్టర్. ఏదో రాసుకుంది. ఆ పెన్ను చప్పుడు శవపేటికకి మేకు కొడుతున్నట్టు వినిపించింది నాకు.

"చాలా విచారంగా ఉంది, గ్విలియమ్ గారూ," అన్నాడు టాలండ్. నిజంగానే విచారంగా ఉన్నట్టే అన్నాడు. అదే ఇంకా ఒళ్ళు మండించింది.

గోతిలోంచి లేచి చేతులు తుడుచుకున్నాను. వచ్చిన దారికేసి చూశాను. తడి బురదలో బాబాయ్ అడుగుజాడలు, పలక దగ్గర్నుంచి ఇక్కడి దాకా, ఎవరో కుట్టిన కుట్టులా. పక్కనే ఇన్‌స్పెక్టర్ జాడలు. ఆమె నా భుజం దాకా కూడా రాదు. బాబాయ్ ఆరడుగుల మనిషి. కానీ ఆమె అడుగులే దూరంగా పడ్డాయి. ఆయనవి దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఎడమ కాలి గుర్తు లోతుగా, కుడి కాలిది తేలిగ్గా.

బాబాయ్ భుజం పట్టుకుని ఊపేశాను.

"బాబాయ్! తుంటి ఆపరేషను ఎప్పుడయింది నీకు?"

"ఇప్పుడు ఆస్పత్రి కబుర్లెందుకే? జనవరిలో."

"దానికి ముందు అక్టోబరులో కదా ఈ దారి ఆఖరిసారి నడిచింది? అప్పటి అడుగు వేరు, ఇప్పటి అడుగు వేరు! నీ అడుగు పొట్టిదైంది!"

  అప్పుడు మా బాబాయ్ అన్న మాట ఇక్కడ రాయను. పాదిరీ గారు కూడా చదువుతారు.

"ఎంత పొట్టిది?" అన్నాడు. "ఒక్క అంగుళమా, అరడుగా? ఎంతో తెలీకుండా ఎంత దూరం నడవను?"

"నీ పెరటి గేటు నుంచి పలకకి ఎన్ని?"

"రెండొందలు. కళ్ళు మూసుకుని చెబుతాను."

"నువ్వు కళ్ళు తెరిచినా తేడా లేదు. పొద్దున లెక్కపెట్టావా?"

"ఎక్కడ? నువ్వు చెయ్యి పట్టుకుని వాగుతూ ఉంటేనూ!"

ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. వాదించకూడదు. అందుకే వాచీని వేలితో చూపించాను, తర్వాత పలక వైపు. ఆమె పెదవి చివర ఏదో కదిలింది.

"మీ పెరట్లో మీరు నడవడానికి నా అనుమతి అక్కర్లేదు," అంది. "పదకొండు దాకా నేను ఇక్కడే ఉంటాను."

పరుగు తీశాం. గుడ్డి మనిషిని, కొత్త తుంటితో, బురదలో పరిగెత్తించడం తప్పే. కానీ ఆయనే నన్ను లాగాడు. బ్లూబెల్స్ మీదుగా, మొద్దుల మధ్య నుంచి, పలక మీద ధనధన. పెరటి గేటు దగ్గర ఆయన్ని నిలబెట్టాను. నా వాచీలో పది నలభై మూడు.

"ఇప్పుడు మామూలుగా నడువు. నన్ను మెప్పించడానికి పెద్ద అడుగులు వెయ్యకు."

"నిన్ను మెప్పించాల్సిన ఖర్మ నాకేంటి?"

నడిచాడు. నేను వెనక. నూట తొంభై తొమ్మిది, రెండొందలు. పలక ఇంకా ముందుంది! రెండొందల ఇరవై. ముప్ఫయ్. కర్ర చివర పలక చెక్కని తాకేసరికి ఆయన గొంతు రెండొందల నలభై అంది.

"రెండొందలకి నలభై ఎక్కువ," అన్నాను. "అంటే ఐదడుగులకి ఒకటి ఎక్కువ. నాలుగొందల యాభైకి..."

"తొంభై," అన్నాడు బాబాయ్. నాకంటే ముందే. "ఐదొందల నలభై. నడు!"

పది నలభై ఎనిమిది. ఈసారి చెయ్యి పట్టుకోనివ్వలేదు, కనీసం పక్కన కూడా నడవనివ్వలేదు. నేను వెనక, ఆయన ముందు. లెక్క పైకే. మూడొందల పది దగ్గర పొదలోంచి నెమలికోడి ఒకటి రెక్కలు టపటపలాడిస్తూ మా మొహాల మీదుగా లేచింది. నేను కెవ్వుమన్నాను. లెక్క ఆగిపోయింది.

బాబాయ్ కర్ర నేలకి ఆనించి నిలబడ్డాడు.

"మూడొందల పదకొండు," అన్నాడు బాబాయ్. "ఆ కోడిని నేనే వేటాడతాను ఒకరోజు."

నా ప్రాణం తిరిగొచ్చింది. నాలుగొందల యాభై. నా గొయ్యి. గొయ్యి పక్కన టాలండ్, ఇన్‌స్పెక్టర్, ప్రీస్. వాళ్ళని దాటి ముందుకే పోయాడు ఆయన. వాళ్ళు ముగ్గురూ ఒకరి వెనక ఒకరు క్యూ కట్టి వచ్చారు. ఐదొందలు. పది యాభై అయిదు. ఐదొందల ఇరవై. దడి అలాగే ఉంది, ఎక్కడా సందు లేదు. ఐదొందల ముప్ఫయ్ తొమ్మిది, నలభై.

ఆగాడు. వేలు చాచాడు.

"ఇక్కడ. లేకపోతే ఇక ఎక్కడా లేదు."

నేను దడి మీద చెయ్యి వేశాను.

"క్షమించాలి," అన్నాడు టాలండ్. "ఒక్కచోట అన్నాం. ఒక్కచోట తెరిచారు. న్యాయమే అని మీరే అన్నారు."

అన్నాను. నా నోటితోనే అన్నాను. నా నోరు పడిపోను! ఇన్‌స్పెక్టర్ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ దడి ఆయనది. ఆయన కాదంటే ఆమె చెయ్యగలిగింది లేదు.

పది యాభై ఆరు.

"దడి ముట్టుకోకూడదు. అంతేగా?" అన్నాడు బాబాయ్.

"దయచేసి," అన్నాడు టాలండ్.

"కర్ర ముట్టుకుంటే?"

జవాబు కోసం ఆగలేదు. తెల్లకర్రని కొమ్మల సందులోంచి, నేలకి దగ్గరగా, సూదిలో దారం ఎక్కించినట్టు లోపలికి పోనిచ్చాడు. మెత్తగా మట్టి తగిలిన చప్పుడు. వెనక్కి లాగాడు. జానెడు పక్కకి జరిగి మళ్ళీ గుచ్చాడు. మట్టే. ఇంకో జానెడు. మట్టి. ప్రీస్ చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. ఇంకో జానెడు.

ఠక్.

మళ్ళీ కొట్టాడు. ఠక్, ఠక్. రాయి!

"ఈ గట్టు నిండా రాళ్ళే," అన్నాడు టాలండ్. గొంతులో మర్యాద కొంచెం పలచబడింది. "ఒక రాయి ఉంటే మెట్టైపోతుందా?"

ఇన్‌స్పెక్టర్ ఆన్సెల్ ఫైలు నా చేతిలో పెట్టింది. వానకోటు గుండీలు పెట్టుకుంది. ఆ తర్వాత, ప్రభుత్వం పంపిన ఆ పెద్దావిడ, బురదలో బోర్లా పడుకుంది. కర్ర పక్కనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చింది. మోచేయి. భుజం. చెంప కొమ్మలకి ఆనింది. కళ్ళు మూసుకుని వెతుకుతోంది. ఇప్పుడు ఆమె కూడా మా బాబాయ్ లాగే.

"గ్విలియమ్ గారూ," అంది ఆ స్థితిలోనే. "ప్రశ్న అడగడానికి నాకు అనుమతి ఉంది. జవాబు ఒక్క ముక్కలో చెప్పండి. ఎన్ని రాళ్ళు?"

"ఇటు పక్క మూడు మేడమ్. మెట్లు మెట్లుగా."

"మొదటి రాయి ఎలా ఉంటుంది?"

"మధ్యలో గుంట. పాలగిన్నె అడుగులా. ఎంతమంది కాళ్ళు అరగదీశాయో, నా కంటే ముందు వాళ్ళవి కూడా."

ఆమె చెయ్యి కదిలింది. కొమ్మలు ఊగాయి. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు.

"రెండోది?"

బాబాయ్ నవ్వాడు. ఆ పొద్దుటినుంచి మొదటిసారి.

"రెండోది ఊగుతుంది. ఎడమ చివర నొక్కితే 'టొక్' అంటుంది. జాగ్రత్త, వేలు నలుగుతుంది."

 వడ్రంగిపిట్ట ఆగిపోయినట్టుంది. దడి లోపల, ఆకుల కింద, ఏడు నెలల చీకట్లోంచి వచ్చింది చప్పుడు.

టొక్.

"అది ఇంకా ఊగుతోందా!" అన్నాడు ప్రీస్. "సిమెంటు పెడతానంటే మేజర్ గారు వద్దనేవారు..."

అప్పటికి గాని తానేమన్నాడో అతనికి అర్థం కాలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చెవులు బీట్‌రూట్ రంగుకి తిరిగాయి. టాలండ్ అతనికేసి తిరిగిన తిరుగుడుకి పక్కనున్న పూలు వాడిపోవాల్సింది.

"ప్రీస్."

"టీ టైము అయింది సార్," అన్నాడు ప్రీస్ నేల చూస్తూ. "టీ టైములో నోరు కాస్త జారుతుంది."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది. గడ్డం నుంచి బూట్ల దాకా బురద. జుట్టులో ఆకు. "ఇక్కడ ఎవరో ఏదో మాట్లాడినట్టుంది," అంది. "స్థలం చూసేటప్పుడు మాటలు నా చెవికెక్కవు. నేను రాసేది నా చెయ్యి చూసింది మాత్రమే." నా దగ్గర ఫైలు తీసుకుంది. నిలబడే చాలాసేపు రాసింది. పెన్ను చప్పుడు ఈసారి నాకు ఇంకోలా వినిపించింది. తర్వాత టేపు తీసి కర్ర దూరిన చోటు నుంచి వాగు పలక దాకా కొలిపించింది. ఒక చివర నన్ను పట్టుకోమంది, రెండో చివర టాలండ్‌ని. ఆయన పట్టుకున్నాడు. కాదనడం ఆయన వల్ల కాదు కదా.

"రెండొందల డెబ్భై మీటర్లు," అంది. వాచీ చూసుకుంది. "పదకొండూ పది. పది నిమిషాలు ఆలస్యం చేశారు నన్ను." ఆమె కారు దాకా అదే మొహంతో నడిచింది. తలుపు వేసుకునే ముందు మాత్రం బాబాయ్ వైపు తిరిగి, "ఆ తుంటి జాగ్రత్త," అంది.

కారు వెళ్ళిపోయాక నేను ఆయన్ని ఎత్తి పట్టుకుని ఒక గెంతు గెంతాను. "గెలిచాం బాబాయ్!"

"గెలవలేదు. ఆవిడ ఇంకా రాయాలి. నన్ను కింద పెట్టు, జనం చూస్తున్నారు."

"జనం ఎవరూ లేరు."

"ప్రీస్ ఉన్నాడు. వాడి వాసన వస్తోంది."

నిజమే. ప్రీస్ పలక అవతల నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. "దడి కింద రాళ్ళున్నాయని నాకు తెలుసు ఆల్బన్," అన్నాడు. "నేనే కప్పాను. ఉద్యోగం..."

బాబాయ్ కర్రతో పలక మీద రెండుసార్లు తట్టాడు. "శుక్రవారం బీరు నీది," అన్నాడు చివరికి. "ఆ తర్వాతి శుక్రవారం కూడా. ఆ తర్వాత చూద్దాం."

పదకొండు వారాలు. జీవితంలో అంత పొడుగు వేసవి నాకు ఇంకోటి లేదు. రోజూ స్కూలు బస్సు ట్రిప్పు అయ్యాక బాబాయ్ ఇంటికెళ్ళి గుమ్మంలో ఉత్తరాలు వెతకడం, ఆయన "ఏమీ రాలేదు, నువ్వు తొక్కకపోతే కార్పెట్ ఇంకో పదేళ్ళు బతుకుతుంది" అనడం. ఫ్లాట్ వాళ్ళు రెండుసార్లు ఫోను చేశారు. మూడోసారి, నెలాఖరులోగా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఆ రాత్రి ఆయన ఒక పెట్టె సర్దాడు. నాకు చెప్పకుండా. మంచం కింద చూశాను.

జూలై పదమూడున గోధుమరంగు కవరు వచ్చింది. మందంగా ఉంది.

బాబాయ్‌ని వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, నిలబడే చదివాను.  మొదట చట్టం, సెక్షన్లు, తేదీలు. బాబాయ్ టేబుల్ మీద వేళ్ళతో వాయిస్తున్నాడు.

"తొందరగా చదువు. నేను ముసలాణ్ణి."

"ఆగు, ఆగు. ఇదిగో. 'గేటుకి ప్రతి ఏటా తాళం వేశారన్నది నిజమేనని నేను నమ్ముతున్నాను. అయితే కాలినడకన వెళ్ళేవారికి గట్టు మీద రాతిమెట్లు ఉండగా, ఆ తాళం ఎవరినీ ఆపలేదు. మెట్ల అరుగుదల ఎన్నో దశాబ్దాల వాడుకకి సాక్ష్యం. కాబట్టి వాగు పలక నుంచి చర్చి పొలం వరకు ఉన్న దారి...' "

ఆ వాక్యం నాలో నేనే చివరిదాకా చదివేశాను.

"దారి ఏమిటే?"

" 'ప్రజల నడకదారిగా నమోదు కావాలి. మెట్ల మీది అడ్డంకులు ఇరవై ఎనిమిది రోజుల్లో తొలగించాలి.' బాబాయ్! మనదే! నీదే!"

పేజీ తిప్పాను. ఇంకా ఉంది. కంచె గురించి, బోర్డు గురించి, ఎవరు ఏం తీసెయ్యాలో అంతా వరసగా. ఆ బోర్డు పేరా పైకి చదువుతూ నవ్వుకున్నాను. జవాబు రాలేదు. తలెత్తాను.

కుర్చీ ఖాళీ. కోటు వంకీకే ఉంది. తెల్లకర్ర లేదు. పెరటి తలుపు బార్లా తీసి ఉంది.

"ఇరవై ఎనిమిది రోజులు టైముంది వాళ్ళకి!" అని అరిచాను గుమ్మంలోంచి. "దడి ఇంకా అక్కడే ఉంది! ముళ్ళు గీసుకుంటాయి!"

"వాళ్ళకి కదే టైము ఇచ్చింది," అని వాగు వైపు నుంచి కేక వినబడింది. "నాకు కాదుగా!"